వెరావల్‌లో తీసిన రెండు ఫొటోలు

పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకు సంవత్సరం పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ముహూర్తాలున్న నెలల్లో కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. ఆషాఢమో, భాద్రపదమో, పుష్యమో వచ్చిందంటే షట్టరు సగం దించి కూర్చోవడమే. విజయనగరంలో మా వీధి స్టూడియోల వాళ్ళంతా ఆ నెలల్లో ఆల్బమ్‌లు డిజైన్ చేసుకుంటూ, లెన్సులు తుడుచుకుంటూ, టీ తాగుతూ నిమ్మళంగా ఉంటారు. నాకు అది చేతకాదు. ఒకచోట రెండు పూటలు కూర్చుంటే కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు ఉంటుంది. శృంగవరపుకోట దగ్గర మా పుట్టింట్లో ఉన్నప్పుడూ అంతే. నాట్లు వేస్తుంటే మధ్యలో గట్టెక్కి కొండల కేసి నడిచిపోయేదాన్నని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

కెమెరా నాకు పెళ్ళయ్యాక చేతికొచ్చింది. మా ఆయన వీడియో తీస్తారు, నేను ఫొటోలు తీస్తాను. పెళ్ళికూతురి గదిలోకి ఆడమనిషి కెమెరా పట్టుకొస్తే ఎవరికీ మొహమాటం ఉండదు కాబట్టి మాకు పని బాగానే దొరుకుతుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. మా ఇల్లు దాని మీదే నిలబడింది. కానీ సీజను సగానికి వచ్చేసరికి నా కన్ను పీటల మీది వాళ్ళను వదిలేసి, మండపం బయట రోడ్డు మీద పోయేవాళ్ళ వెంట పడుతుంది.

అందుకే ముహూర్తాలు లేని నెలల్లో స్కూటీ మీద కెమెరా సంచి పెట్టుకుని వెళ్ళిపోతుంటాను. ఎక్కడికో ముందుగా అనుకోను. ఒక ఏడాది కొండ దిగువ సంతలు తిరిగాను. ఇంకో ఏడాది నాగావళి ఒడ్డున ఇసుక ఎత్తే వాళ్ళను తీశాను. ఏదీ పూర్తి చేయలేదు. హార్డ్ డిస్కులో ఫోల్డర్లు పెరిగాయి గాని, ఇది నా పని అని నలుగురికీ చూపించేది ఒక్కటీ తేలలేదు. నేను బండి తీస్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఎక్కడికి ఎల్లిందని ఎవులైనా అడిగితే ఏటి సెప్పాలి?" అని అడిగేవారు. నవ్వుతూనే అడిగేవారు గాని, ఆ నవ్వు ఏటేటా కొంచెం తగ్గుతూ వచ్చింది.

ఒక ఆషాఢంలో శ్రీకూర్మం దాటి సముద్రం దాకా పోయాను. అక్కడొక మత్స్యకారుల ఊరు. ఆ ఊళ్ళోని మగవాళ్ళలో చాలామంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో, వెరావల్ రేవులో బోట్ల మీద పనిచేస్తారు. అక్కడ వేట నిషేధం పెట్టే రెండు నెలలూ ఇంటికి వస్తారు. నేను వెళ్ళినప్పుడు ఊరంతా మగవాళ్ళే. అరుగుల మీద పేకాడేవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిరిగేవాళ్ళు, కొత్త టీవీ బిగించుకునేవాళ్ళు. ఇసుక మీద ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ఆడమనిషి మాత్రం ఆ సందడికి వీపు పెట్టి పని చేసుకుంటోంది. నేను ఫొటో తీస్తే అభ్యంతరం చెప్పలేదు. కాసేపటికి తనే పిలిచింది. మా వైపు అక్కను అప్ప అంటారు.

"అప్పా, నువ్వు ఇస్టూడియో దానివా? మావి ఒక ఫొటో తీస్తావేటి, అందరం ఉన్నట్టు?"

అందరూ అంటే ఎవరని అడిగాను. తను, అత్త, ఇద్దరు ఆడపిల్లలు, భర్త. భర్త ఎక్కడ అంటే వెరావల్‌లో అంది. మిగతావాళ్ళంతా వచ్చారు కదా అంటే, బోటు ఓనరు కాపలాకు, రిపేర్లకు ఉంచేశాడని, పోయిన వేసవిలోనూ అలాగే ఉంచేశాడని చెప్పింది. అతను వెళ్ళేటప్పుడు ఆమె కడుపుతో ఉంది. చిన్నపిల్లకు నడక కూడా వచ్చేసింది, తండ్రిని ఫోనులోనే చూసింది. ఆ పిల్లకి నాన్న అంటే ఫోనే అనుకుంటోందని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మనిషి లేకుండా ఫొటో ఎలా అన్నాను. ఆమె దానికి సిద్ధంగా ఉంది.

"మేం నలుగురం నిల్సుంటాం. మజ్జిలో ఆడికి ఖాళీ ఒగ్గేస్తాం. ఆడి ఫొటో ఫోనుల తెప్పిస్తాను. నువ్వు అతికించీ. పెళ్ళిళ్ళల్లో సచ్చిపోయినోళ్ళనే అతికిస్తన్నారు గదా, బతికున్నోడికేటి?"

అది నిజమే. పోయిన తాతల్ని, రాలేకపోయిన అన్నల్ని గ్రూపు ఫొటోలో కలిపి ఇమ్మని అడగని ఇల్లు లేదు. నేనే ఎన్నో చేశాను. సరేనని వాళ్ళను సముద్రం వెనకాల ఉండేలా నిలబెట్టాను. పెద్దపిల్ల యూనిఫాం వేసుకుని వచ్చింది, అదే బాగుందని. అత్త కొత్త చీర కట్టుకుని, చేతులు రెండూ ముందుకు కట్టుకుని నిలబడింది. కోడలికీ అత్తకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా. ఆ జాగాలోంచి వెనకాల ఒక పడవ కనిపిస్తోంది. తీస్తున్నంతసేపూ నా కన్ను ఆ జాగా మీదే ఉంది.

అతని ఫొటో రెండు రోజులకు నా ఫోనుకొచ్చింది. గదిలో ట్యూబులైటు కింద ఎవరో తీసినది, మసకగా ఉంది. వెలుతురు కుదరదు, నీడ కుదరదు, కొలత కుదరదు. దాన్ని అతికిస్తే ఎవరో గోడమీది బొమ్మను చించి అంటించినట్టే ఉంటుంది. ఇంకొకటి పంపమన్నాను, ఇంకా పాడుగా వచ్చింది. సిస్టం ముందు కూర్చుని అటూ ఇటూ జరిపి జరిపి విసుగొచ్చింది. భాద్రపదం దగ్గర పడుతోంది, మళ్ళీ పెళ్ళిళ్ళుండవు. నేనే వెరావల్ వెళ్ళి అతన్ని అదే వెలుతురులో, అదే ఎత్తు నుంచి తీసుకొస్తే అని ఒక పొద్దున అనుకున్నాను. అనుకున్నాక ఇంక నిలవలేకపోయాను. ఒక్క ఫొటో కోసం అంత దూరమా అన్నారు మా ఆయన. ఒక్క ఫొటో కోసం కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. మొదటిసారి నా ఫోల్డర్లలో ఒకదానికి ఒక చివర కనిపించింది. ఊళ్ళో ఆడవాళ్ళు, రేవులో మగవాళ్ళు. రెండూ కలిపితే ఒక పనిలా నిలబడుతుంది.

విజయనగరంలో రైలెక్కితే రాయగడ మీదుగా కొండల్లోంచి పోయి, దేశం అడ్డంగా దాటి అహ్మదాబాదులో దింపుతుంది. అక్కడ బండి మారాలి. దారి పొడుగునా నేను పడుకున్నది తక్కువ, తలుపు దగ్గర నిలబడినది ఎక్కువ. పక్క బెర్తుల్లో శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళు కొందరు అదే రేవుకు వెళుతున్నారు. ఎవరింటికని అడిగితే అతని పేరు చెప్పాను. వాళ్ళలో వాళ్ళు ఒకసారి చూసుకున్నారు. "మంచోడు" అన్నాడొకడు. ఆ వెంటనే పేక ముక్కలు పంచడం మొదలుపెట్టారు. అప్పుడు నాకేమీ తట్టలేదు.

అతను స్టేషనుకొచ్చాడు. ముప్పై దాటి ఉంటాయేమో. తల నున్నగా దువ్వి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా వేసుకున్నాడు. నా సంచి తీసుకుని, "మా గుంటలు ఎలాగున్నారు?" అన్నది మొదటి మాట. కెమెరాలో పిల్లలిద్దరినీ చూపించాను. ప్లాట్‌ఫాం మీదే నిలబడి చాలాసేపు చూశాడు. చిన్నపిల్ల మొహాన్ని పెద్దది చేసి చూపించమన్నాడు. అక్కడ ఖాళీ ఉంచింది నీకోసమే అంటే తల ఊపి, సంచి భుజాన వేసుకుని నడిచాడు.

రేవుకు తీసుకెళ్ళాడు. అంతంత పెద్ద చెక్క బోట్లు ఒకదానికొకటి రాసుకుంటూ, ఒక బోటు మీంచి ఇంకో బోటు మీదికి నడిచిపోయేంత దగ్గరగా నిలిచి ఉన్నాయి. జెండాలు, వలల గుట్టలు, చేప వాసన, నాలుగు భాషల కేకలు. మధ్యమధ్యలో మన మాట వినిపిస్తే ఎవరో పిలిచినట్టు తిరిగి చూసేదాన్ని. పొద్దున వెలుతురు ఎడమ నుంచి వస్తోంది, నాకు కావలసింది అదే. అతను ఒక నీలం బోటు చూపించి, ఇదే మాది అన్నాడు. ఎక్కి ముందు భాగంలో నిలబడమన్నాను.

"ఇక్కడే బాగుంటాది అప్పా. కింద నుంచే తియ్యీ."

పైన అయితే వెనక ఆకాశం వస్తుంది, అతికించడం సులువు అన్నాను. ఎక్కడానికి ఒక పలక వేసి ఉంది. అతను దాని దగ్గరకు వెళ్ళి ఒక కాలు పెట్టి తీసేశాడు. మళ్ళీ పెట్టి మళ్ళీ తీశాడు. అప్పుడు బోటు పక్కకు వచ్చి గట్టు మీదే నిలబడి, అరచెయ్యి దాని చెక్కకు ఆనించాడు. నేను కెమెరా ఎత్తాను. ఆ చేతి వేళ్ళు బిగిసి, గోళ్ళు తెల్లబడ్డాయి. మొహం మాత్రం ఫొటోకని నవ్వుతోంది. రెండు మూడు నొక్కాను. ఆ తర్వాత కెమెరా దించి, ఒంట్లో బాగులేదా అని అడిగాను.

అతను బోటు మీది నుంచి చెయ్యి తీయకుండానే చెప్పాడు. చాలా మెల్లగా చెప్పాడు. రెండేళ్ళ కిందట వేటలో వల లాగుతుంటే పక్కనున్న మనిషి అలకు తూలి నీళ్ళలో పడ్డాడు. వీళ్ళ పక్క ఊరివాడే, రైల్లో కలిసి వచ్చినవాడు. ఇతను వంగి చెయ్యి అందించాడు. వేళ్ళు తగిలాయి. అంతే. సాయంత్రం దాకా బోటును ఆ చుట్టుపక్కలే తిప్పారు, దొరకలేదు. ఒడ్డుకొచ్చాక నాలుగు రోజులు జ్వరం. తర్వాత బోటెక్కబోతే కాళ్ళు కదల్లేదు. ఆ రోజు నుంచి ఇంక ఎక్కలేదు. రేవు పక్కనే ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. గదిలో ఉన్న ఊరివాళ్ళందరికీ తెలుసు. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. రెండు వేసవులూ ఇంటికి పోలేదు. పోతే ఒడ్డున పడవలుంటాయి, వేటకు రమ్మంటారు.

"ఏటగాడికి పుట్టినాను. సముద్రం సూస్తే బయ్యమేస్తందని ఎవుళ్ళకి సెప్పను అప్పా? మా ఆడదానికి ఏటని సెప్పను?"

ఇలాంటి చోట ఏమనాలో పెళ్ళి ఫొటోలు తీస్తే రాదు. పని చూపిస్తావా అన్నాను. అది అడగడం మంచిదయింది. ఫ్యాక్టరీలో అడుగు పెట్టేసరికి అతను ఇంకో మనిషి అయ్యాడు. చొక్కా విప్పి పాత బనీను వేసుకుని, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడిగి, భుజం మీద గోనె సంచి వేసుకున్నాడు. నిలువెత్తు ఐసు దిమ్మలకు కొక్కెం తగిలించి నేల మీద జారుస్తూ ఐసు మర వైపు తోస్తుంటే, ఆ దిమ్మ అతను చెప్పినట్టు వింటున్నట్టే ఉంది. అటు చివర మర దాన్ని పొడి చేసి గొట్టంలోంచి కింద ఆగిన బోటులోకి వదులుతోంది. పొగలాంటి చలి. ఎవరో గుజరాతీలో జోకు వేస్తే ఇతను గట్టిగా నవ్వాడు. అప్పుడు తీశాను. ఆ నవ్వు కెమెరా కోసం కాదు.

రెండు రోజులు అక్కడున్నాను. వాళ్ళ గదిలో వండుకునేవాళ్ళను, రేవులో మన ఊళ్ళవాళ్ళను తీశాను. కాళ్ళు ఆగలేదు, తీసిన కొద్దీ ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంది. వచ్చేసేముందు అతనికి రెండు ఫొటోలూ చూపించి ఏది ఇవ్వమంటావని అడిగాను. బోటుదే ఇమ్మన్నాడు. నేనుగా ఏమీ చెప్పనని, కానీ ఆమె నన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పడం నావల్ల కాదని చెప్పాను. అతను నా సంచి సర్దడం మొదలుపెట్టాడు. బండి కదిలేదాకా కూడా ఏమీ తేల్చలేదు.

వచ్చేటప్పుడు రైలు నాకు వెళ్ళేటప్పటి కన్నా మెల్లగా నడిచినట్టు అనిపించింది. ఇంట్లో ఉండలేక వెళ్ళినదాన్ని, అక్కడ ఉండలేక వచ్చేస్తున్నాను, ఇప్పుడు ఆ ఊరికి వెళ్ళడానికి భయపడుతున్నాను. ఆమె ముందు నిలబడి బోటు ఫొటో చేతికిస్తే, అది తీసినదాన్ని నేనే కాబట్టి ఆ అబద్ధం నాది కూడా అవుతుంది. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదంటుంది. రాయగడ దగ్గర కొండల్లో సిగ్నల్ పోయింది. బొబ్బిలి దాటాక ఫోను చూస్తే ఆమె నుంచి నాలుగైదు కాల్స్ వచ్చి ఉన్నాయి. తిరిగి చేస్తే ఎత్తలేదు.

మరునాడే వెళ్ళాను. ఆమె ఇంటి ముందు ఎండుచేపలు మూట కడుతోంది. కూర్చోమనలేదు. మూట ముడి బిగించి, చేతులు దులుపుకుని, అత్త లోపల ఉందో లేదో చూసి, అప్పుడు మాట్లాడింది.

"నిన్న ఫోను సేసినాడు. అంతా సెప్పినాడు. ఏడిసినాడు కూడాను."

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె దాన్ని చూసింది.

"బోటెక్కనేదంటే నాకు మంచిదే. గాలేస్తే సాలు, రేత్రుల్లు కూకుని ఉండీదాన్ని. ఐసు ఫ్యాక్టరీ అంటే పేనానికి ఏటీ బయ్యం నేదు. అది కాదు. ఆడితో ఉన్న ఊరోళ్ళకి తెలుసు. నీకు తెలుసు. మొన్న ఒచ్చిన దానివి, నీకు సెప్పినాడు. నాను ఆకరికి తెలుసుకున్నాను."

అతని తరఫున మాట్లాడబోయి ఆపుకున్నాను. చిన్నపిల్ల వచ్చి నా కెమెరా పట్టీ లాగింది. ఆమె పిల్లను ఎత్తుకుని, కాస్త మెత్తబడి, ఫొటోలు చూపించమంది. రెండూ చూపించాను. బోటుదాన్ని చూసి పక్కకు తోసేసింది. ఐసు ఫ్యాక్టరీలో నవ్వుతున్న దాన్ని మాత్రం దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇంత నవ్వడం పెళ్ళయిన కొత్తలో చూశానంది. దీన్నే అతికించమంది.

అది అతికించడానికి పనికిరాని ఫొటో. వెలుతురు వేరు, బట్టలు వేరు, భుజాన గోనె సంచి, కాళ్ళకు బూట్లు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం, ఆమె పట్టు వదల్లేదు. ఇంటికొచ్చి నాకు చేతనైనంత చేశాను. సముద్రం ఒడ్డున ఎర్రటి ఎండలో నలుగురు ఆడవాళ్ళు, మధ్యలో చలిలోంచి అప్పుడే బయటికొచ్చినట్టున్న ఒక మగవాడు. ఫ్రేము కట్టించి తీసుకెళ్తే అత్త చేతుల్లోకి తీసుకుని తడిమి తడిమి చూసి, కొడుకు కాళ్ళకు అవేమిటని అడిగింది.

"బూట్లు అత్తా. కొత్త బోట్లల్లో అందరూ ఏసుకోవాలంట," అంది కోడలు, నా వైపు చూడకుండా.

అలా ఆ అబద్ధం అతని చేతిలోంచి ఆమె చేతిలోకి పోయింది. ఆమె దాన్ని ఎంత తేలిగ్గా అందుకుందో చూసి ఆశ్చర్యపోయాను. అతన్ని ఇప్పుడు ఆమె కాపాడుతోంది, అంతే. నేను టీ తాగి వచ్చేశాను.

పుష్యంలో విశాఖపట్నంలో మా ఫొటోగ్రాఫర్ల సభ జరిగింది. ఏటేటా ఉంటుంది. ఒక హోటల్ హాలు నిండా కెమెరాల దుకాణాలు, ఆల్బమ్ తయారుచేసేవాళ్ళ బల్లలు, డ్రోన్లు ఎగరేసి చూపించేవాళ్ళు. మూలన ఒక అమ్మాయికి పెళ్ళికూతురి ముస్తాబు చేసి లైట్ల కింద కూర్చోబెడితే, వందమంది మగవాళ్ళు చుట్టూ చేరి ఒకే ఫొటో తీస్తుంటారు. ముఖంలోని మచ్చల్ని కంప్యూటర్ తనంతట తనే తుడిచేయడం గురించి ఒక ఉపన్యాసం. ప్రతిసారీ మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి అక్కడి నుంచి పారిపోవాలనిపిస్తుంది. ఆ ఏడు మాత్రం ప్రదర్శనకు ఒక ఫొటో ఇచ్చాను. బోటుకు చెయ్యి ఆనించి నిలబడ్డ అతని ఫొటో. ఎక్కడైనా పెట్టుకోమని అతను ముందే అన్నాడు. కింద 'వెరావల్' అని మాత్రం రాసిచ్చాను.

దాని ముందు జనం ఆగుతున్నారు. నేను కాస్త దూరంలో నిలబడి వాళ్ళ వీపుల్ని చూస్తున్నాను. చాలా ఏళ్ళుగా నాకు కావాలనుకున్నది అదేనేమో. హైదరాబాదు నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన నన్ను పిలిపించి, బహుమతికి ఎంచుతున్నామని, కానీ పేరు అలా పొడిగా ఉంటే కుదరదని అన్నారు. ఆయనే ఒకటి ఆలోచించి పెట్టారు. సముద్రాన్నే నమ్ముకున్న వలస మత్స్యకారుడు, అలలంటే బెదరని మనిషి, అలాంటి రెండు వాక్యాలు. వేదిక మీద నేను అతని కథ కూడా నాలుగు మాటల్లో చెప్పాలన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఫొటో గురించి ఆయన చెప్పినవి, ఆ చెయ్యి గురించీ ఆ నవ్వుకూ చేతికీ పొంతన లేకపోవడం గురించీ, నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

బల్ల దగ్గర కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన చెప్పింది రాస్తే అబద్ధం. నిజం రాస్తే, అతను తల్లికి కూడా చెప్పుకోలేనిది నేను మైకులో చెప్పినట్టు. ఏమీ రాయకుండా వదిలేస్తే చూసినవాళ్ళు ఆయన అనుకున్నదే అనుకుంటారు. కాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి, ఫొటో పిన్నులు తీసి, చుట్టి సంచిలో పెట్టేశాను. నిర్వాహకులకు కోపం వచ్చింది. మా వీధి స్టూడియోల వాళ్ళు చేతిదాకా వచ్చింది పారేసుకున్నావన్నారు. పెద్దాయన మాత్రం కారణం అడిగి, చెప్పలేనంటే మళ్ళీ అడగలేదు.

కారులో హైవే మీద తిరిగి వస్తున్నాం. ఆనందపురం దాటాక మా ఆయన అన్నారు.

"బోర్డు నుంచి తీసీడం మంచిదో కాదో నాకు తెల్దు. కానీ నువ్వు ఇన్నేళ్ళూ తిరిగినావు సూడు, ఎందుకు తిరిగినావో ఆ ఫొటో సూసినాక తెలిసింది."

నేను కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నాను. సంతోషం వేసింది. అయినా ఒంట్లో ఆ కుదురు లేకపోవడం ఏమీ తగ్గలేదు.

ఎండలు ముదిరి వెరావల్‌లో వేట ఆగిపోయాక అతను ఇంటికొచ్చాడు. ఆమె ఫోను చేసి రమ్మంది. రెండు పెళ్ళిళ్ళ మధ్య ఒక రోజు దొరికితే వెళ్ళాను. అతను వచ్చి అప్పటికి పదిహేను రోజులైంది. మొదటి వారం బయటికి రాలేదట. తర్వాత ఒక పొద్దున అతని చిన్నాన్న గుమ్మంలోకొచ్చి పడవలో మనిషి తక్కువయ్యాడు రమ్మన్నాడట. తల్లి, పిల్లలు, పక్కింటివాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. ఇతను లేచి నిలబడి, "నాను రాను చిన్నాన్నా. నాకు బయ్యం. మూడేళ్ళు కావస్తంది బోటెక్కి," అన్నాడట. చిన్నాన్న కాసేపు నిలబడి, బీడీ ఉంటే ఇమ్మని అడిగి, తీసుకుని వెళ్ళిపోయాడట. తల్లి ఆ రోజంతా ఎండుచేపల దగ్గరే కూర్చుందట. మరునాడు నీళ్ళ కుళాయి దగ్గర ఎవరో ఏదో అంటే, "మావోడు ఐసు ఫ్యాక్టరీల సేస్తన్నాడు, అయితేటి?" అని ఆమే జవాబు చెప్పిందట. ఇదంతా కోడలు నాకు చెబుతుంటే అతను ఎదురుగా కూర్చుని చిన్నపిల్లకు జడ వేయడానికి తిప్పలు పడుతున్నాడు. పిల్ల నిలవడం లేదు.

ఇప్పుడు అందరూ ఉన్నారు కదా, మళ్ళీ ఒక ఫొటో తీయమంది. అదే ఒడ్డుకు వెళ్ళాం. అతను సముద్రం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు, నీళ్ళకు బాగా ఇవతలగా. మేం ఇంకా వెనక్కి జరగమని అడగలేదు. గాలి ఎక్కువగా ఉంది. చిన్నపిల్ల తండ్రి చంకలో ఉండనని గింజుకుంది. పెద్దపిల్ల నవ్వమంటే నవ్వదు. అత్త కొంగు మొహం మీదికి ఎగురుతోంది. పది పన్నెండు తీశాను, ఒక్కటీ బాగా రాలేదు. కోడలు తెర మీద చూసి, "అందరం తలో దిక్కు సూస్తన్నాం," అంది. అయినా ఒకటి ఎంచి కడిగించి తెమ్మంది. గోడ మీదున్న పాతది మాత్రం తీయనంది, అందులో అతను నవ్వుతున్నాడు కాబట్టి.

వేట నిషేధం అయిపోగానే మళ్ళీ ఐసు ఫ్యాక్టరీకే వెళ్తానని అతను చెప్పాడు. ఈసారి చిన్నపిల్లను, భార్యను కొన్నాళ్ళు తీసుకెళ్ళే ఆలోచన ఉందట. అది జరుగుతుందో లేదో ఆమెకే నమ్మకం లేదు. భోజనం చేసి, ఎండుచేపల పొట్లం ఒకటి స్కూటీకి తగిలించుకుని బయల్దేరాను.

శ్రీకాకుళం దాటి హైవే ఎక్కాక ఎడమకు తిరిగితే విజయనగరం. మరునాటి సాయంత్రం మాకు ఒక రిసెప్షన్ ఉంది, బ్యాటరీలు చార్జింగు పెట్టాలి. కుడికి తిరిగితే టెక్కలి, ఆ పైన నౌపడ. వానలు పడేలోపు ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పే పని అక్కడ ఇప్పుడు జోరుగా సాగుతుంటుందని ఎవరో అన్నారు. బండి పక్కకు ఆపి మా ఆయనకు ఫోను చేసి, ఆలస్యమవుతుందని చెప్పాను. ఎక్కడికని ఆయన అడగలేదు. నీళ్ళ సీసా ఉందా అని అడిగారు. ఉందని చెప్పి కుడికి తిరిగాను.